ఓర్ఫా పుట్టింటి ఆరా

కాన్సాస్‌ను మిడతలు తినేసిన ఏడాది ఓర్ఫాకు ఆరేళ్లు. పొలంలో మొక్కజొన్న మాట అటుంచి, తీగ మీద ఆరేసిన బట్టలు కూడా మిగల్లేదు. ఆ ఆగస్టులో, సరుకుల బండి తోలే గాంట్రీ ఆమెను బండెక్కించుకుని నెబ్రాస్కా తీసుకుపోయాడు. బదులుగా ఆమె తండ్రికి ఒక కంచరగాడిదను ఇచ్చాడు. గాంట్రీ ఇంట్లో పదకొండేళ్లు చాకిరీ చేసింది. "నీకంటే ఆ గాడిదే నయమే, ఎదురు తన్నయినా తన్నేది" అనేది గాంట్రీ పెళ్లాం, చీపురు తిరగేసి కొడుతూ.

పదిహేడేళ్లకు ఒక కమ్మరిని పెళ్లాడి బయటపడింది. పిల్లలు కాస్త ఎదిగాక పుట్టింటి ఆరా మొదలుపెట్టింది. ఇంటిపేరు గుర్తులేదు. తండ్రి ఎడమచేతికి రెండు వేళ్లు లేవు, తమ్ముడి పేరు ఈనస్, ఇంటి వెనక వాగులో తెల్లరాళ్లు. ఇంతే తెలుసు. అదే రాసి చర్చిలకూ సర్కారు కచేరీలకూ మూడు చలికాలాలు ఉత్తరాలు పంపింది. 1909 మార్చిలో ఒక గుమాస్తా జవాబు రాశాడు: రెండు వేళ్లు లేని లెమ్యుయెల్ ప్రూయిట్ ఇక్కడివాడే, పోయి తొమ్మిదేళ్లయింది. భార్య, కొడుకు ఈనస్ ఉన్నారు. ఓర్ఫా అనే కూతురు 1874లో జ్వరంతో పోయింది.

రైలెక్కి వెళ్లింది. ఈనస్ కంచె దగ్గరే ఆపి, గాడిద సంగతంతా విన్నాడు.

"మా అక్క చచ్చిపోయింది. గుట్ట మీద రాయుంది, చూసుకో."

వెళ్లి చూసింది. రాతి మీద తన పేరు. ముందర వాడని పూలు. తిరిగొచ్చేసరికి అతడి మొహం పాలిపోయి ఉంది.

"అమ్మకి డెబ్బై దాటాయి. ప్రతి ఆదివారం అక్కడికెళ్లి ఏడుస్తది. నాన్న అబద్ధమాడాడని తెలిస్తే గుండాగి చస్తది."

"చెప్పన్లే. గుడ్లు కొనేదాన్నని చెప్పు. ఒక్కసారి చూసి పోతాను."

ముసలావిడ వంటింట్లో చిక్కుళ్లు ఏరుతోంది. కాఫీ పోసింది. ఈనస్ గుడ్లు తేవడానికి బయటికెళ్లాడు. తలుపు మూసుకోగానే తలెత్తకుండానే అడిగింది.

"గాంట్రీ పంపాడా?"

ఓర్ఫా కాఫీ కప్పు బల్ల మీద పెట్టేసింది.

"నీకు తెలుసా అమ్మా?"

"తెలీకేం. నిన్ను బండెక్కించింది నేనే. మీ నాన్న కొట్టంలో కూచుని ఏడ్చాడు, చేతకానోడు."

"నన్నే ఎందుకిచ్చావు?"

"వీడు మగపిల్లోడు. నీ చెల్లెలు అప్పటికి చంటిది. ఇక మిగిలింది నువ్వే."

"మరి ఆ సమాధి?"

"పిల్ల ఏదని ఊళ్లో అడిగారు. ఏదో ఒకటి చెప్పాలి కదా. మొదట్లో ఊరికే ఏడ్చాను. పోనుపోను నిజంగానే ఏడుపొచ్చింది." పుచ్చు గింజ ఒకటి తీసి పక్కన పడేసింది. "ముప్పై అయిదేళ్లుగా ఆ గుట్ట మీద బుద్ధిగా పడుకున్నావు. ఇప్పుడొచ్చి ఊరిచేత నా మొహాన ఉమ్మేయిస్తావా? కాఫీ తాగి పోవే."

ఈనస్ బుట్టతో లోపలికొచ్చాడు.

"ఈవిడకి గుడ్లు వద్దంటరా" అంది తల్లి. "బేరం కుదర్లేదు."

ఓర్ఫా లేచి స్టేషన్ దాకా నడిచింది.

ఇంటికి చేరగానే పద్నాలుగేళ్ల చిన్నకూతురు లెటీ ఎదురొచ్చింది.

"అమ్మమ్మ దొరికిందా?"

"చచ్చిపోయింది."

"ఎప్పుడు? ఎక్కడ పాతిపెట్టారు? ఎలా ఉండేదట?"

ఓర్ఫా చెయ్యెత్తి పిల్ల చెంప పగలగొట్టింది. కన్నబిడ్డ మీద ఆమె చెయ్యి చేసుకోవడం అదే మొదలు. ఉత్తరాలన్నీ పొయ్యిలో వేసింది. తర్వాత మరో ఇరవయ్యేళ్లు బతికింది కానీ, కాన్సాస్ పేరెత్తలేదు. లెటీ ఇంకెప్పుడూ అడగలేదు.