బల్ల మీదదా, ఒళ్ళోదా

మా అబ్బాయి పెళ్లి వీడియోలు తీసేవాడు. తీసినవాటిని కత్తిరించి, పాటలు కలిపి, అందంగా కూర్చి ఇచ్చేవాడు. హైవే మీద బండి మీంచి పడ్డాక నడుం కింద స్పర్శ లేదు. కెమెరా పట్టుకుని తిరిగే పని ఎలాగూ పోయింది. స్నేహితులు తీసిన వీడియోలు మంచం మీదే కూర్చి ఇస్తానని, దానికి గేమింగ్ ల్యాప్‌టాప్ కావాలని అడిగాడు. ఆటలకి కాదు. అంత బరువైన వీడియోల్ని మామూలుది లాగలేదట.

మా ఆయనకి ఆ మాట నచ్చలేదు. ఆయన డెస్క్‌టాప్ కొందామన్నాడు. దానికి బల్ల కావాలి, బల్ల ముందు కుర్చీ కావాలి, కుర్చీలో కొడుకు కావాలి. ఎవరినీ అడక్కుండానే వడ్రంగి చేత బల్ల చేయించి, పసుపు రాసి గోడకి చేర్చాడు.

"మంచం మీద పెట్టుకునేది కొంటే పిల్లాణ్ణి మంచానికే రాసిచ్చినట్టు," అన్నాడు వంటింట్లోకి వచ్చి, గొంతు తగ్గించి.

ఆ సంగతి మా ఇంట్లో ఎవరం పైకి అనం. చూడ్డానికి వచ్చినవాళ్లు కూడా "వచ్చే ఏడాదికల్లా వేదాద్రి గుడి మెట్లెక్కుతాడు" అనే వెళ్తారు. మేమూ అవునంటాం, కాఫీ ఇస్తాం. నేనూ ఆయన పక్షమే. కుర్చీలో కూర్చోబెడితే కాసేపటికే కళ్లు తిరిగి పక్కకి వాలిపోయేవాడు. ఎదురుగా పని ఉంటే అదే అలవాటవుతుందిలే అనుకున్నాను.

మా పేటలో అబ్బాయి చెప్పిన రకం దొరక్క బస్సెక్కి నందిగామ వెళ్లాం. కొట్లో రెండూ పక్కపక్కనే పెట్టి ఉన్నాయి. నాకు అక్షరాలు ఈమధ్యే వచ్చాయి, అవీ తెలుగువే. ఆ అట్టపెట్టెల మీద ఒక్క తెలుగు ముక్క లేదు. ఇంట్లో ఉన్న అబ్బాయికి ఫోన్లో వీడియో కాల్ చేసి చూపించాను.

"నీ మొహం కాదే అమ్మా, దాని మొహం చూపించు," అన్నాడు. కొట్టతను నవ్వాడు.

మా ఆయన డెస్క్‌టాప్ మీద చెయ్యి వేసి, "ఇది బాగుంది కదరా. పెద్ద తెర. కుర్చీలో కూర్చుని దర్జాగా చేసుకోవచ్చు," అన్నాడు.

"కుర్చీలో నువ్వే కూర్చో నాన్నా. నేను మంచం మీంచి చెప్తా, నువ్వు నొక్కు. పెళ్లికూతుర్ని కత్తిరించి పారేస్తావు, పెళ్లి ఆగిపోద్ది."

అందరం నవ్వాం. కొట్టతను ల్యాప్‌టాప్ తీసి నా చేతుల్లో పెట్టాడు. ఇటుకల్లే బరువుగా ఉంది.

"ఒక్కటే జాగ్రత్తండి. ఈ గేమింగ్‌వి బాగా వేడెక్కుతాయి. ఒళ్ళో పెట్టుకుని ఎక్కువసేపు చెయ్యకూడదు. అయినా కాలితే మనకే తెలుస్తుందిగా, తీసి పక్కన పెట్టేస్తాం," అన్నాడు.

"నాకు తెలీదుగా అన్నా," అన్నాడు ఫోన్లోంచి మా అబ్బాయి. మామూలుగానే అన్నాడు, ఊరు పేరు అడిగితే చెప్పినట్టు.

కొట్టతనికి అర్థం కాలేదు. మా ఆయన డెస్క్‌టాప్ మీంచి చెయ్యి తీసేశాడు. ఇంట్లో ఇన్నాళ్లూ ఎవరం అనని మాట కొట్లో, పరాయి మనిషి ముందు, వాడే అనేశాడు. కూర్చుంటే వాలిపోతాడు. పడుకుని ఒళ్ళో పెట్టుకుంటే కాలుతుంది, కాలినట్టు తెలీదు. ఏది కొన్నా మా వాడికి సరిపడేది కాదు.

"ల్యాప్‌టాపే ఇవ్వండి," అన్నాడు మా ఆయన. బేరం కూడా ఆడలేదు. బస్సులో ఆ పెట్టె పట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

ఇప్పుడు అబ్బాయి తొడల మీద దిండు, దిండు మీద పీట, దాని మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని పని చేస్తాడు. పీట జారితే ల్యాప్‌టాప్ తొడకి ఆనుతుంది. పనిలో పడ్డాడంటే వాడు చూసుకోడు. అందుకని నేను పక్కనే కూర్చుని మధ్యమధ్యలో దాని కిందికి చెయ్యి పోనిచ్చి చూస్తుంటాను. తెర మీద ఎవరిదో పెళ్లి. తలంబ్రాలు ఎగిరి, గాల్లో ఆగి, వెనక్కి చేతుల్లోకి వెళ్లి, మళ్లీ ఎగురుతుంటాయి.

"కాలుతోందా అమ్మా?"

"ఇంకా లేదు. చేసుకో."