ఆయన అసలు పుట్టినరోజు

మొన్న మా మనవరాలు స్కూల్ ప్రాజెక్ట్ చేసుకుంటూ, "అమ్మమ్మా, ఇండియన్స్ వైట్ కాదని సిటిజన్‌షిప్ వెనక్కి తీసేసుకున్నారంట, నిజమేనా?" అని అడిగితే, నిజమేనమ్మా అన్నాను గాని, నలభై ఏళ్ల కిందటి దడ మళ్లీ గుండెల్లో మొదలైంది.

ఎనభైల మొదట్లో, షికాగో దగ్గర మా పక్కింట్లో ఒక పంజాబీ పెద్దాయన ఉండేవారు. పడుచుతనంలో కాలిఫోర్నియా తోటల్లో కూలికొచ్చి, పౌరసత్వం సంపాదించి, మీరు తెల్లవాళ్లు కారని కోర్టు తేల్చేసరికి ఆ కాగితం పోగొట్టుకున్న మనిషి. ఇచ్చిన చేత్తోనే లాక్కుంటారు బేటీ, జాగ్రత్త అనేవారు. అప్పటికి పౌరసత్వం వచ్చి ఏడాదైంది కాబట్టి మావారు నవ్వేసేవారు. నాకు మాత్రం నవ్వొచ్చేది కాదు.

ఆ భయంతోనే నా పౌరసత్వం ఇంటర్వ్యూకి ప్రెసిడెంట్ల పేర్లన్నీ బట్టీపట్టి వెళ్తే, అంతా నిజమే చెబుతానని నా చేత ప్రమాణం చేయించిన నల్లజాతి ఆఫీసరమ్మ వాటి జోలికే పోకుండా మీవారి పుట్టినతేదీ చెప్పమంది. ఏటా ఆ రోజున పాయసం వండేదాన్ని గదా, ఆగస్టు పద్దెనిమిది అనేశాను. ఆవిడ కలం ఆగింది. ఫైల్లో ఉన్నది జూలై ఒకటి. బళ్లో వేసేటప్పుడు మేష్టారు తనకు తోచినట్టు రాసేసిన తేదీ, మన తరంలో సగంమందికి ఉన్నదే, మీకు తెలియనిదేముంది. ఆవిడ ఫైలు పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. తప్పుడు తేదీతో ప్రమాణం చేశాడని మావారి కాగితం కూడా లాక్కుంటేనో? నా నోటితో నేనే ఆయన పౌరసత్వానికి ఎసరు పెట్టానే అని, ఆ అరగంటా ఆ తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను.

తిరిగొచ్చాక వచ్చీరాని ఇంగ్లీషులో మేష్టారి సంగతంతా చెప్పుకున్నాను. ఆవిడ, "మా నాయనమ్మ ఏ రోజున పుట్టిందో కూడా ఎవరూ రాసిపెట్టలేదు" అని, నేను చెప్పినదంతా కాగితం మీద రాయించి సంతకం పెట్టించుకుంది. అక్కడే ఏడ్చేశాను.

పౌరసత్వం వచ్చింది, ఎవరూ ఏమీ లాక్కోలేదు. అయినా ఆ ఏటి నుంచి మా ఇంట్లో పాయసం జూలై ఒకటినే. ఇదేం పిచ్చే అని మావారు ఎంత వేళాకోళం చేసినా నేను వినలేదు. ఇప్పటి పిల్లలకు ఆసుపత్రివాళ్లే నిమిషంతో సహా రాసిస్తున్నారు, వాళ్లు ఏ ఆఫీసులోనైనా తలెత్తుకుని మాట్లాడతారు, చూస్తే ముచ్చటేస్తుంది. నాకే ఆ ధైర్యం రాలేదు. పోయినేడు ఆయన పోతే, ఫ్యూనరల్ హోమ్‌లో పుట్టినతేదీ అడిగినప్పుడు, ఇక ఆయన దగ్గర లాక్కోవడానికి ఏమీ లేదని తెలిసీ, జూలై ఒకటనే రాయించాను.