ఎంత లాగినా తెగని తంగూసు

మొన్న మా అల్లుడు ఖమ్మంలో కొనుక్కొచ్చిన గాలపు సామానంతా మంచం మీద పరిచి, ఏ దారం కట్టాలో తేలక నన్ను పిలిచాడు. గోదావరిలో మనిషంత వాలుగచేపను ఒంటిచేత్తో లాగినవాణ్ణి నేను, నన్నుగాక ఎవర్ని అడుగుతాడు!

చిన్న ఇనుప చేపబొమ్మను నీటి అడుగున ఎగరేస్తూ దించుతూ చేపను ఊరించే తేలిక పద్ధతట, జిగ్గింగ్ అంటారట. దానికి సన్నగా అల్లిన దారమూ, చివర బారెడు మేర అంతకంటే తొందరగా తెగే నైలాను తంగూసూ కట్టమన్నాడట దుకాణంవాడు. అల్లుడికది నచ్చలేదు. “తెగేదాంతోని ఏం జేస్తం మామా, గట్టిదుండాలె” అంటూ లావుపాటి తంగూసు కొసను చూపుడువేలికి చుట్టి గుంజి చూశాడు. గబుక్కున ఆ చుట్టు విప్పేశాను.

మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో సంతలో దొరికేవి రెండే రకాలు, సన్నదీ లావుదీ. నా పెళ్లయిన కొత్తలో, సన్నది చాలని మా బావ, అంటే మా ఆవిడ అన్న, ఎంత చెప్పినా వినకుండా, ఎంత లాగినా తెగనిదే కావాలని లావుది కొనిపించి, భద్రాచలానికి ఎగువన అడవి అంచు రేవులో ఆయన్ని నాటుపడవ ఎక్కించాను. కొత్తనీరు దిగుతోంది. పొద్దెక్కేసరికి నది ఎర్రబడింది, నురగలో ఎవరిదో కోళ్లగూడు తలకిందులుగా తేలిపోయింది, అవతలి అడవిలో ఒక్క పిట్టా కూయలేదు. రేవులో దుంపలు కడుగుతున్న ముసలమ్మ “ఎర్రనీళ్లల్ల గాలం ఎయ్యొద్దు బిడ్డా, ఏం తగుల్తదో ఏమో” అంటే, “తగిలితే నీకూ ఓ ముక్క పంపుతలే అవ్వా” అని నవ్వాను.

తగిలింది. మీ దగ్గర దాపరికం దేనికి, అది వాలుగ కాదు, అసలు చేపే కాదు. నీటి కింద కొట్టుకొస్తున్న మద్దిమాను. దారం బావ వేలికి చుట్టి ఉంది. మాను సాగేకొద్దీ ఆయన చెయ్యి, భుజం, తర్వాత పడవే నీటివైపు ఒరిగాయి. “కొయ్యి బావా, జల్దీ కొయ్యి!” అని అరిచాడు. మొలలోంచి కత్తి దూసి ఒక్క వేటుతో దారం కోసి, మనిషిని దక్కించుకున్నాను.

అల్లుడికి ఇదంతా చెప్పి, ఇంకో మాట కూడా అన్నాను: మా రోజుల్లో దారమైనా, మాటైనా, పంతమైనా తెగకపోవడమే గొప్పనుకున్నాం, తెగాల్సిన చోట తెగేదాన్ని ఇప్పుడు దుకాణాల్లోనే అమ్ముతున్నారు, ఆ తెలివి మాకు ఆలస్యంగా వచ్చింది. అల్లుడు మా ఇంటికి రాకముందే బావ పోయాడు. నది మాత్రం ఏటా అట్లాగే ఎర్రబడుతోంది.

గడపలో చిక్కుడుకాయలు తుంచుతున్న మా ఆవిడ తలెత్తకుండానే అందుకుంది.

“పిలగానికి అబద్ధాలు జెప్పకు. కత్తి యాడిది నీకు? ఇంట్లనే మర్శిపోతివి. దారం తెగలే. మా అన్న వేలు తెగింది.”