బంట్రోతు విఠల్ వేసిన దావా

సంగారెడ్డి సివిల్ కోర్టులో విఠల్ బంట్రోతు. వాదినో, ప్రతివాదినో, సాక్షినో వరండాలోంచి మూడుసార్లు పేరు పెట్టి పిలవడం, పలక్కపోతే లోపలికెళ్లి "రాలేదు సార్" అనడం అతని పని. ఇంట్లోనూ అంతే. అన్నానికి మూడుసార్లు పిలిచినా పిల్లలు రాకపోతే కంచాలు ఎత్తేస్తాడు.

ఫ్యాక్టరీ నౌకరీకి రాజమండ్రి నుంచి వచ్చి స్థిరపడ్డ పక్కింటి సూర్యారావు, ప్రహరీ గోడ జానెడు తన జాగాలోకి కట్టాడని విఠల్ దావా వేశాడు. వకీలును పెట్టుకొమ్మన్న భార్య మీద కయ్యిమన్నాడు. "ఇరవై ఏండ్ల సంది కోర్టు సూస్తున్న. నాకు వకీలెందుకే?"

వాయిదా రోజు, కొత్తగా వచ్చిన జడ్జి "వాదిని పిలవండి" అన్నారు. విఠల్ వరండాలోకెళ్లి గొంతెత్తాడు.

"విఠల్! విఠల్! విఠల్!"

ఎవరూ కదల్లేదు. అతనికి ఒళ్లు మండింది. లోపలికొచ్చి, "రాలేదు సార్. గిసుంటోళ్లకు కోర్టంటే ఇజ్జత్ లేదు" అన్నాడు.

జడ్జి ప్రతివాది వైపు చూశారు. సూర్యారావు చేతులు కట్టుకుని, "పొద్దుట్నుంచీ నేనూ చూస్తున్నానండీ. రాలేదండి" అన్నాడు.

వాది రాలేదని జడ్జి దావా కొట్టేశారు.

"మంచిగైంది" అనుకుంటూ విఠల్ తర్వాతి పేరు పిలవడానికి వరండాలోకి నడిచాడు.