ఓనీటా పచ్చిక వద్దంది

చాపల్లా చుట్టిన పచ్చికను లారీ నిండా వేయించుకుని, మునిసిపాలిటీలో పార్కులు చూసే కర్టిస్ బైన్ మా సమాధుల దొడ్డి గేటు ముందు దిగాడు. ఓనీటా పిక్కర్డ్ ఆ గేటుకు అడ్డంగా మడత కుర్చీ వేసుకుని కూర్చుంది. అది మే నెల మొదటి శనివారం. ఏటా ఆ రోజు మేమందరం పారలు పట్టుకొచ్చి, సమాధుల మీద గడ్డిపరక లేకుండా చెక్కి, మట్టి ఊడ్చి, చెట్ల కింద కలిసి భోంచేస్తాం. సమాధి మీద గడ్డి పెరిగిందంటే ఆ మనిషికి ఎవరూ మిగల్లేదని మా లెక్క.

"జరుగు పెద్దమ్మా. మునిసిపాలిటీ ఊరికే ఇస్తోంది" అన్నాడు కర్టిస్.

"ఎందుకిస్తోందిరా?"

"అందంగా ఉంటుందని. దారిన పోయే కొత్తవాళ్ళు ఇదేదో పాడుబడ్డ చోటనుకుంటున్నారు."

"మీ అమ్మ ఎక్కడుంది?"

"ఆ మూల."

"నువ్వు రావడం మానేశాక ఆవిడ మీద గడ్డి ఎవరు చెక్కుతున్నారనుకున్నావు? నేనే. సరే, ఈ పచ్చిక ఎందాకా పరుస్తావు?"

"కంచె దాకా."

"కంచె బయటో?"

"అది రోడ్డు పక్క జాగా కదా. అక్కడెవరూ లేరు."

"ఉన్నారు. మా అమ్మ కన్న ఇద్దరు పసివాళ్ళు. పేరు పెట్టకముందే పోయారు. కంచె లోపల పచ్చగా చేస్తే బయటున్నది ఎవరిదీ కాదని తేలిపోతుంది. ఆనక రోడ్డులో కలిపేసుకుంటారు. అదీ సంగతి. పరుస్తావా, పరుచు. ముందు మీ అమ్మ మీద మొదలెట్టు. నీ చేత్తో, మేమంతా చూస్తుండగా."

పారలన్నీ ఆగిపోయాయి. కర్టిస్ లారీ వెనక్కి తిప్పమని డ్రైవరుకు సైగ చేశాడు.

"వేయించిన కోడి ఉంది, తిని పో" అంది ఓనీటా. అతను తిన్నాడు. తిన్నంతసేపూ ఆమె అతని జేబుల వంకే చూసింది, కొలతల టేపు ఏమైనా తెచ్చాడేమోనని.

నేను ఈ మార్లో బెండ్‌కు కోడలిగా వచ్చేనాటికి ఇక్కడున్నవి పత్తి నుంచి గింజలు తీసే జిన్ను, దాణా కొట్టు, ఒక చర్చి. ఓనీటా జిన్నులో కాటా దగ్గర పనిచేసేది. తూకం పెరగాలని పత్తి బండి అడుగున తడి గోనెలు పెట్టి తెచ్చినవాణ్ణి మొహం చూసే పట్టేసేది. ఆ అలవాటే తర్వాత ఊరి మీదికి మళ్ళింది. నదికి ఆనకట్ట కడితే ఎవరి కోసమని అడిగింది. ఆనకట్ట వెనక చెరువు నిండాక చేపలు పట్టడానికి పట్నం వాళ్ళు వచ్చారు, వచ్చినవాళ్ళు ఇళ్ళు కట్టారు. జిన్ను మూతపడింది. పత్తి చేలల్లో ఒకేలాంటి ఇళ్ళు లేచాయి. వాటికి పత్తి పేరే పెట్టారు, సిగ్గులేకుండా.

అన్నిసార్లూ ఆమె అనుమానం నిజం కాలేదు. కుళాయి నీళ్ళు వచ్చినప్పుడు అందులో ఏదో కలుపుతున్నారని చాలా ఏళ్ళు బావి నీళ్ళే తాగింది. చివరికి చెడ్డవి ఆ బావి నీళ్ళే. కడుపు నొప్పితో పడుకున్న మనిషిని చూడబోయి, "ఇప్పుడేమంటావక్కా?" అన్నాను.

"తప్పాను. అయితే ఏంటే?" అని అటు తిరిగి పడుకుంది.

నిజం చెప్పాలంటే, ఆ పసివాళ్ళ సంగతి నాకూ అనుమానమే. కంచె బయట రెండు ఏటి రాళ్ళున్నాయి. ఏటి రాళ్ళు ఎక్కడైనా ఉంటాయి. రోడ్డుకు తారు వేసినప్పుడు కంచెను లోపలికి జరిపారని మా అత్తగారు అనేది. ఆవిడ ఇంకా చాలా అనేది. ఒకసారి నేనే అడిగేశాను.

"అక్కా, నిజంగా ఉన్నారా?"

"నువ్వెప్పుడు చేరావే మునిసిపాలిటీలో?" అంది. మళ్ళీ అడగలేదు.

ఈ చలికాలం ఆమె ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. రోడ్డును వెడల్పు చేస్తున్నారు. కంచె పొడుగునా గులాబీ రంగు పీలికలు కట్టిన సర్వే మేకులు దిగాయి. కాగితాల్లో మాత్రం కంచె బయటి జాగా ఇంకా ఓనీటా పేరనే ఉంది, రోడ్డుకు కావాలంటే కొనాల్సిందే. ఆమె తర్వాత కొడుకు డార్విన్‌ది. అతను ఇళ్ళు అమ్మే వ్యాపారి. పండగలకే కనబడే మనిషి, ఇప్పుడు ప్రతి ఆదివారం పీకన్ పప్పుల తీపి వంటకం పట్టుకుని వస్తున్నాడు.

"తియ్యగానే ఉంది. అదే నా భయం" అంది ఓనీటా, ఆ పళ్ళెం నా వైపు తోసి. తర్వాత తలుపు వేసి రమ్మంది.

"వాడు నన్ను వాళ్ళ నాన్న పక్కన పెడతాడు. పెట్టనివ్వకు. కంచె బయట పెట్టించు, ఆ రాళ్ళకీ రోడ్డుకీ మధ్య."

"మీ ఆయన సమాధి రాయి మీద నీ పేరు చెక్కించేశారు కదక్కా. తారీఖొక్కటే తక్కువ."

"ఉండనీ. ఆయన బతికినన్నాళ్ళూ చేపల గాలంతో ఒక్కడే గడిపాడు, ఇప్పుడు కొత్తగా బెంగపడతాడా? పేరులేని పిల్లల్ని లేరనేశారు. నన్ను లేదనమను చూద్దాం."

"డార్విన్ ఊరుకుంటాడా?"

"ఊరుకోడు. అరుస్తాడు. అందుకే నిన్నడుగుతున్నా, ఈ ఊళ్ళో నీకంటే గట్టిగా అరిచేవాళ్ళు నాకు దొరకలేదు. గుంట అక్కడే తవ్వించు. నన్ను పూడ్చేదాకా కదలకు. తర్వాత ఏటా మేలో పార పట్టుకుని రా, మా ముగ్గురి మీదా గడ్డి చెక్కు."