జయరాం శెట్టి కుడిచెయ్యి

ఆదోనిలో పత్తి కమీషన్ మండీ నడిపే జయరాం శెట్టికి పక్షవాతం వచ్చిందని తెలిసి బజారంతా జాలిపడింది. ఆయన భార్య సుబ్బలక్ష్మి గుండెలు బాదుకుని ఏడ్చింది. ఆ ఏడుపు మధ్యలోనే ఆమెకు ఒక పాడు ఆలోచన తట్టింది. ఈయనకు ఇప్పుడు కొత్తగా చేయాల్సిన సేవ ఏం మిగిలుందని?

ఒళ్ళు బాగున్న రోజుల్లోనూ శెట్టికి స్నానానికి నీళ్ళు తోడింది ఆమే. తువ్వాలు అందించింది, చొక్కా గుండీలు పెట్టింది, చెప్పులు గడప ముందుకు తిప్పి పెట్టింది ఆమే. అన్నంలో పప్పు కలిపి, నెయ్యి వేసి, ఆరబెట్టి ముందు పెడితే ముద్ద నోట్లో పెట్టుకోవడం మాత్రం ఆయన స్వయంగా చేసుకునేవాడు. ఫ్యాను స్విచ్చి ఆయన తల పక్కనే ఉండేది. అయినా వంటింట్లోంచి సుబ్బలక్ష్మి వచ్చి వేయాలి. పిలవడానికి ఆయనకు ఒకే మాట ఉండేది, "ఏమే". పెళ్ళయిన కొత్తలో కూడా పేరు పెట్టి పిలిచిన జ్ఞాపకం ఆమెకు లేదు.

దీనికి ఆమె బాధపడిందనుకుంటే పొరపాటు. "మా ఆయనకు ఇంట్లో నీళ్ళ బిందె యాడుంటాదో కూడా తెలీదు" అని పేరంటాల్లో చెప్పుకునేది. మిగతా ఆడవాళ్ళు తమ మొగుళ్ళ చదువులు చెప్పుకునే గొంతుతో చెప్పేది.

అలాంటి మనిషి ఒక పొద్దున మండీలో దిండుకు ఆనుకుని టీ తాగుతూ తాగుతూ పక్కకు ఒరిగాడు. గ్లాసు జారి ధోవతి తడిసింది. గుమాస్తా అయ్యన్న పరుగున కొడుకు సుధీర్‌ను పిలుచుకొచ్చాడు. కర్నూలు తీసుకుపోయారు. ప్రాణం నిలబడింది. కుడిచెయ్యి, కుడికాలు చచ్చుబడ్డాయి, మాట పోయింది. ఆస్పత్రిలో ఒక సాయంత్రం ఆయన కళ్ళు తెరిచి, వంకర పోయిన నోటితో "ఏమే" అన్నాడు.

"మాట వచ్చింది! మంచి సూచన" అన్నాడు డాక్టరు సంబరంగా.

ఆ తర్వాత ఏం అడిగినా అదే. నీళ్ళు కావాలన్నా "ఏమే", నొప్పి అన్నా "ఏమే", డాక్టరును చూసినా "ఏమే". కొడుకు కంగారుపడ్డాడు. సుబ్బలక్ష్మికి మాత్రం ఆ భాషలో ఏ ఇబ్బందీ కనిపించలేదు. ఇన్నేళ్ళ కాపురం ఆ ఒక్క మాటతోనే గడిచింది.

ఇంటికి తెచ్చాక వ్యాయామాలు నేర్పడానికి ఉమాదేవి అనే ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చింది. మంచం చుట్టూ ఇంటిల్లిపాదీ నిలబడ్డారు.

"నేను వారానికి ఒకసారే రాగలను. మిగతా రోజులు మీరే చేయించాలి" అందామె. "చేతికి పాత అలవాట్లు గుర్తు చేయాల. ఇంతకుముందు ఆయన చేతుల్తో ఏమేం పనులు చేసుకునేవారు?"

సుధీర్ గోడమీది గడియారం వైపు చూశాడు. కోడలు హర్షిత అత్త మొహం చూసింది.

"ఏదైనా చెప్పండి. చెట్లకు నీళ్ళు పోయడం, బట్టలు మడత పెట్టుకోవడం..."

"పేకాట ఆడేవాడు" అన్నాడు సుధీర్, చాలాసేపు ఆలోచించి.

"ఊ. ఇంకా?"

"పత్తి చూసేవాడు" అంది సుబ్బలక్ష్మి. "దూది పట్టుకుని రెండు వేళ్ళతో లాగి, పింజ పొడుగో పొట్టో చెప్పేవాడు."

ఉమాదేవి తల ఊపింది. పోయేముందు సుబ్బలక్ష్మిని పక్కకు పిలిచి, "అమ్మా, ఒకటి గుర్తుపెట్టుకోండి. ఆయన సగం చేయగలిగిన పని మీరు పూర్తిగా చేసిపెట్టొద్దండి. ఆయనకు కష్టమైనా సరే, మీరు చూస్తా కూర్చోండి" అంది.

సుబ్బలక్ష్మి సరేనంది. ఆ అమ్మాయి మెట్లు దిగేలోపు మొగుడి నోట్లో బొరుగుల ఉగ్గాని ముద్ద పెట్టింది.

సుధీర్ భక్తి మరోరకం. దూలానికి కప్పీ, తాడు బిగించాడు. రంగురంగుల రబ్బరు బంతులు తెప్పించాడు. "నాన్న కోలుకోవాలి" అని ఫోన్లో ఒక గ్రూపు పెట్టి, మొదటి రోజు తండ్రి చెయ్యి తాడుకు కట్టి పైకి కిందికి ఆడిస్తున్న వీడియో అందులో వేశాడు. బంధువులు దండాలు, గులాబీపూలు కురిపించారు. రెండో రోజూ తీశాడు. వారం తిరిగేసరికి మార్కెట్ యార్డుకు పత్తి ముమ్మరంగా వచ్చి తీరిక లేకపోయింది. తాడు మీద హర్షిత చున్నీలు ఆరేసుకుంది.

అప్పుడే ఎమ్మిగనూరు నుంచి శెట్టి అక్క కామాక్షమ్మ దిగింది. గుమ్మంలోనే శోకాలు మొదలుపెట్టి, తమ్ముడి చెయ్యి ఒళ్ళో వేసుకుని నిమిరింది.

"మా ఊర్లో ఒకాయప్ప నూనె ఇస్తాడు సుబ్బలక్ష్మీ. లేవలేనోళ్ళు లేసి నడిసిపోయినారు. నా తమ్ముడ్ని నేను తీసుకపోతా. నువ్వు పాపం అలిసిపోయినావు."

సుబ్బలక్ష్మి నిజంగానే అలిసిపోయింది. నడుము పట్టేసింది. కొన్నాళ్ళు వెన్ను వాల్చుకోవచ్చనే ఆశ ఆమెలో లేకపోలేదు. పంపించింది.

ఎమ్మిగనూరులో శెట్టికి జరిగిన మర్యాద కొత్త అల్లుడికి కూడా జరగదు. చుట్టూ దిండ్లు పెట్టారు. ముద్దలు చేసి తినిపించారు. ఆయప్ప ఇచ్చిన నూనెతో మూడు పూటలా రుద్దారు. ఆ నూనెలో పావురాయి రక్తం కలుస్తుందని ఊరందరికీ తెలుసు. ఉల్లిపాయ తగిలిన గరిటెను కూడా కడిగి వాడే ఆ ఇంట్లో దాని గురించి ఎవరూ అడగలేదు. అడిగితే పాపం, అడక్కపోతే మందు.

దసరా దాటాక సుబ్బలక్ష్మి చూడబోయింది. ఆమె లోపలికి అడుగుపెట్టే సమయానికి కామాక్షమ్మ మనవడు శెట్టిని కుడిచెయ్యి పట్టి గుంజి కూర్చోబెడుతున్నాడు. శెట్టి కెవ్వుమన్నాడు. భుజం వాచి ఉంది. వేళ్ళు పిడికిలిగా ముడుచుకుపోయి, విప్పితే విడిపోవడం లేదు. ఆదోనిలో ఉన్నప్పుడు ఎత్తగలిగిన మోకాలు ఇప్పుడు కదలడం లేదు. పొట్ట మాత్రం బాగా పెరిగింది.

"చూసినావా, ఎంత కళ వచ్చిందో మొగంలో!" అంది కామాక్షమ్మ.

సుబ్బలక్ష్మి కళ వైపు చూడలేదు. ఆ పిడికిలినే చూసింది. ఎదుటివాళ్ళ ఇంట్లో కనబడేసరికి తన సేవ ఎలా ఉంటుందో తెలిసింది. మనిషిని మూటగట్టి మూలన పెట్టడమే అది.

"వొదినా, ఈయన్ని తీసుకపోతాండాను."

"ఎట్ల తీసుకపోతావు? కదల్లేడు గదా! నలుగురు మోయాల."

"మోసేది ఎవురూ వద్దు." ఆమె మంచం ఎదురుగా నిలబడింది. నలభై ఏళ్ళలో ఎన్నడూ వాడని గొంతు ఎక్కడినుంచో వచ్చింది. "ఇట్ల సూడండి. కారు వాకిట్లో ఉంది. నా భుజం పట్టుకోని లేసి వస్తే ఇంటికి. లేదంటే ఈడనే, అక్క దగ్గరే ఉండిపోండి. నేను పోతా."

"ఏమే!" అన్నాడు శెట్టి, అదిరిపోయి.

"ఆ. నేనే. లెయ్యండి."

కామాక్షమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. శెట్టి అక్క వైపు, మనవడి వైపు చూశాడు. సుబ్బలక్ష్మి చెప్పులు వేసుకోసాగింది. అది చూసి ఆయన ఎడమచేత్తో మంచం పట్టె పట్టుకున్నాడు. కోపంతో మొహం ఎర్రబడింది. ఆ కోపమే ఆయన్ను లేపింది. ఆమె భుజం మీద బరువంతా వేసి, కుడికాలు ఈడ్చుకుంటూ కారు దాకా వచ్చాడు. దారిలో కోటేకల్లు దాటేదాకా ఆమెను తిట్టాడు. తిట్లన్నీ "ఏమే" అనే మాటలోనే సర్దుకున్నాడు.

ఆదోని వచ్చాక సుబ్బలక్ష్మి మంచానికి ఎదురుగా ఒక కుర్చీ వేసుకుంది. ఆ ఇంట్లో పగటిపూట ఆమె కుర్చీలో కూర్చోవడం హర్షిత అదే మొదటిసారి చూడటం. నీళ్ళ గ్లాసు బల్లమీద పెట్టి, "తాగండి" అనేది. ఆయన "ఏమే" అనేవాడు. ఆమె కదిలేది కాదు. గ్లాసు ఒలికేది. మళ్ళీ నింపి పెట్టేది. ఎడమచెయ్యి కొంగుతో కట్టేసి, "కుడిచేత్తో జరపండి" అనేది. ఒలికిన నీళ్ళు, జారిన ముద్దలు, చొక్కాలో ఒక చెయ్యి ఇరుక్కుని మొగుడు గిలగిల్లాడటం, ఇవన్నీ చూస్తూ కూర్చోవడం ఎంత కష్టమో ఎవరికీ చెప్పుకోలేకపోయింది. చేతులు వాటంతటవే ముందుకు పోయేవి. వాటిని తొడల కింద పెట్టుకుని కూర్చునేది. ఒక్కోసారి ఏడుపు వచ్చేది. నిజం చెప్పాలంటే, ఒక్కోసారి చాలా హాయిగా కూడా ఉండేది.

వీధిలో మాట పుట్టింది. "ముసిలితనంలో మొగుడి మీద కసి తీర్చుకుంటాంది" అన్నారు. మంచినీళ్ళు కూడా ఇవ్వడం లేదట అని ఎమ్మిగనూరు దాకా పాకింది. కామాక్షమ్మ సుధీర్‌కు ఫోన్ చేసి ఏడ్చింది.

"మా, కొంచెం తగ్గించు. మండీలో మొగం ఎత్తుకోలేకుండా ఉండా" అన్నాడు సుధీర్.

"అట్లయితే రేపట్నుంచి నువ్వు కూచోరా ఈ కుర్చీలో. నేను మండీకి పోతా."

సుధీర్ మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

పేకముక్కలు అచ్చిరాలేదు. ముక్కలు పట్టుకోలేక శెట్టి విసిరికొట్టేవాడు. దాంతో ఆమె అయ్యన్నకు కబురుపెట్టి మండీ నుంచి పత్తి శాంపిల్ తెప్పించింది. గోనెగండ్ల రైతు తెచ్చిన సరుకు. ఎండకు ఫెళఫెళలాడుతూ, తెల్లగా, కళ్ళకు అద్దుకునేలా ఉంది. ముడుచుకున్న వేళ్ళను వేడినీళ్ళ గుడ్డతో నెమ్మదిగా విప్పి, మధ్యలో ఒక గుప్పెడు దూది పెట్టింది.

శెట్టి దాని వైపు చూశాడు. బొటనవేలు వణికింది. చూపుడువేలు దాన్ని వెతుక్కుంటూ వచ్చింది. రెండూ కలిసి దూదిని పట్టుకుని, పట్టు తప్పి, మళ్ళీ పట్టుకుని, కొంచెం లాగాయి. ఆయన కనుబొమలు పాతకాలం పద్ధతిలో ముడిపడ్డాయి. పెదాలు కదిలాయి.

"త... తడి."

అయ్యన్న ఎగిరి గంతేశాడు. హర్షిత పరుగెత్తుకొచ్చింది. సుబ్బలక్ష్మి ఆ దూదిని తీసుకుని చెంపకు ఆనించుకుని చూసింది. చుక్క తడి లేదు. చుట్టుపక్కల ఊళ్ళ రైతులందరికీ ఆ మాట బాగా తెలుసు. రేటు కోయాలనుకున్న ప్రతిసారీ శెట్టి నోట అదే వచ్చేది. ఎండాకాలం మధ్యాహ్నం కూడా వచ్చేది. మెదడు సగం చీకటైనా ఆ మాట ఉన్న గది మాత్రం చెక్కుచెదరలేదు. ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంటూనే పగలబడి నవ్వింది.

"పొడిగా ఉండాది. సరిగ్గా చూసి చెప్పండి" అంది.

"తడి" అన్నాడు శెట్టి మొండిగా. ఆ పూట వాళ్ళిద్దరూ దాని మీద చాలాసేపు పోట్లాడుకున్నారు. అలా రెండు మాటల మనిషయ్యాడు.

ఆ దారి దొరికాక మిగతావి ఒక్కొక్కటే వచ్చాయి. గింజలు ఏరాడు. సెనక్కాయలు ఒలిచాడు. ఒలిచినవి తనే తినేవాడు. "కాపీ" వచ్చింది, "వద్దు" వచ్చింది, బూతులు మాత్రం ఎవరూ నేర్పకుండానే గుంపుగా తిరిగొచ్చాయి. ఒక రోజు సుబ్బలక్ష్మి పెరట్లో ఉండగా లోపలినుంచి "లచ్మీ" అని వినబడింది. పనిమనిషిని పిలుస్తున్నాడనుకుని ఆమె పలకలేదు. రెండోసారి విన్నాక గానీ అది తన పేరని తట్టలేదు. లోపలికి వెళ్ళి చూస్తే ఆయనకు కావాల్సింది రిమోట్. దగ్గర్లోనే ఉంది. "లేసి తీసుకోండి" అని చెప్పి మళ్ళీ పెరట్లోకి వచ్చింది. తులసికోట దగ్గర కాసేపు ఊరికే నిలబడింది.

ఉగాది నాటికి శెట్టి కర్ర పట్టుకుని మండీకి నడిచిపోయే స్థితికి వచ్చాడు. చెయ్యి పూర్తిగా రాలేదు. గుండీలు పెట్టుకోలేడు. దానికోసం ఆమె పట్టుబట్టలేదు, తల మీదుగా తొడుక్కునే చొక్కాలు కుట్టించింది. కాలు ఇంకా కొంచెం ఈడుస్తాడు. రైతుల ముందు మాత్రం ఆ ఈడ్పు కనబడకుండా నడుస్తాడు.

వర్తకుల సంఘం వాళ్ళు సభ పెట్టి సుధీర్‌కు శాలువా కప్పారు. ఈ కాలంలో తండ్రిని ఇలా చూసుకునే కొడుకులు లేరని అధ్యక్షుడు గొంతు బొంగురుపోయేలా చెప్పాడు. పెద్ద తెరమీద కప్పీ తాడు వీడియో చూపించారు. సుధీర్ సిగ్గుపడ్డాడు, శాలువా మాత్రం తీయలేదు. కామాక్షమ్మ ముందు వరుసలో కూర్చుని, అంతా నూనె మహిమే అని పక్కావిడకు చెప్పింది. చివర్లో మైకు శెట్టికి ఇచ్చారు.

"అంతా... మనోధైర్యం" అన్నాడు ఆయన, గుండె మీద చెయ్యి పెట్టుకుని. అది కుడిచెయ్యే. చప్పట్లు మోగాయి. ఆడవాళ్ళ వరుసలో హర్షిత పళ్ళు కొరికింది. సుబ్బలక్ష్మి మాత్రం ఆ చెయ్యి గుండె దాకా ఎంత సులువుగా లేచిందో చూసుకుని, భుజం ఇంకొంచెం పైకి రావాలని లెక్కవేసుకుంది.

మరుసటి వారం పక్కవీధి మల్లేశ్వరి వచ్చింది. వాళ్ళ అత్తకు ఎడమవైపు పడిపోయింది. మంచం పక్కనే కాపలా ఉండి ఈమె కళ్ళు గుంటలు పడ్డాయి.

"అక్కా, నిజం చెప్పు. ఆయనకేం చేసినావు? ఏం మందు?"

సుబ్బలక్ష్మి ఆమెను కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. లోపల శెట్టి దేనికో "లచ్మీ, లచ్మీ" అని పిలుస్తున్నాడు. మల్లేశ్వరి అలవాటుగా లేవబోయింది. సుబ్బలక్ష్మి ఆమె మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది.

"కూచో" అంది. "మొదట ఇది నేర్చుకోవాల."