మా ఆవిడ మడిచిన గొడుగు

మా ఆవిడది సోఫాలకు గుడ్డ తొడిగే పని. పెళ్లయిన కొత్తలో ఎవరైనా ఆమె ఏం చేస్తుందని అడిగితే, "ఊళ్లోవాళ్లందరినీ మెత్తగా కూర్చోబెడుతుంది" అనేవాణ్ణి. ఆమెకు ఆ మాట నచ్చేది కాదు. "కూర్చునేది కుట్టు మీదండీ. మెత్తదనం తర్వాతి సంగతి" అనేది.

మేడ కింది గదే ఆమె షాపు. రెక్సిను వాసన, జిగురు వాసన, గోడకు చేరేసిన గుడ్డ తానులు. నేను మెట్ల మీద కూర్చుని పుస్తకం చదువుకునేవాణ్ణి. మిషను చప్పుడు ఉన్నట్టుండి ఆగితే కుట్టు విప్పుతోందని అర్థం. సోఫా అడుగున, బతికున్నంతకాలం ఎవరూ చూడని చోట గీత వంకరపోయినా సరే, విప్పి మళ్లీ కుట్టేది.

రాకెట్ల పిచ్చి ఆమెకు వాళ్ల అన్నయ్య అంటించాడు. మా బావగారిది అదే వీధి చివర లేత్ షాపు. ఊరి బయట బీడులో సెలవు రోజున రాకెట్లు ఎగరేసే చిన్న గుంపు ఒకటుండేది. దానికి పెద్ద దిక్కు ఒక డ్రాయింగ్ మాస్టారు. బావగారు ముందు తాను చేరి, తర్వాత చెల్లెల్ని చేర్పించాడు. నన్నూ పిలిచారు గానీ, నేను చాప, పుస్తకం పట్టుకుని వెళ్లేవాణ్ణి కాబట్టి లెక్కలోకి రాలేదు.

ఒకరోజు బావగారు వాళ్ల అమ్మగారింటి అటక దులుపుతుంటే, చిన్నప్పుడు అన్నాచెల్లెళ్లిద్దరూ పెన్సిలుకు కాగితం చుట్టి చేసిన బుల్లి రాకెట్టు దొరికింది. ఒక రెక్క విరిగింది, రంగు పోయింది. దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని షాపుకొచ్చాడు.

"ఏమే బుల్లీ, దీన్ని మనంత పొడుగు చేద్దామా?"

"మనంత అంటే నీ అంతా, నా అంతా?"

"నా అంతే."

"సరే. ముక్కు మాత్రం నీ బుర్రంత బరువు పెట్టకు. లేవదు."

అంతే, ఇంట్లో ఇంకో మాట లేకుండా పోయింది. రాకెట్టుకు కావలసిన మందు గొట్టం ఒక్కటే గుంపువాళ్లు తెప్పించేది. మిగతాదంతా వీళ్ల చేతుల మీదే. గుడ్డ తానుల లోపల ఉండే దళసరి అట్టగొట్టాలను ఒకదానికొకటి అతికి ఆమె రాకెట్టు ఒళ్లు తయారు చేసింది. సోఫా వీపులకు వాడగా మిగిలిన ప్లైవుడ్డుతో రెక్కలు కోసింది. బావగారు లేత్ మీద చెక్కను తిప్పి ముక్కు తీశాడు. అంత నున్నని చెక్కను నేనెప్పుడూ ముట్టుకోలేదు. ఆ మాటంటే ఆయన సిగ్గుపడ్డాడు కూడా.

చిక్కు పారాచ్యూట్ దగ్గర వచ్చింది. గుంపులో దాన్ని గొడుగు అంటారు. పైకెళ్లాక ముక్కు ఊడి, లోపల మడిచిపెట్టిన గొడుగు బయటికొచ్చి విచ్చుకోవాలి. ఆమె నాకు అన్నం వడ్డిస్తూ విడమరిచి చెప్పింది: "పొడుగు పెంచితే లావూ పెరుగుతుంది కదండీ, బరువు ఎక్కడికో పోతుంది. గొడుగును కూడా పొడుగు పెరిగినంతే పెంచితే చాలదు, ఇది రాయిలా పడుతుంది."

"పడితే పడింది, పైకి పోయిందిగా" అన్నాను.

గరిటె అలాగే ఆపి నావైపు చూసింది. "పైకి పోవడం మందు పని. కిందికి రావడం మన పని."

అప్పటికే షాపు గోడకు రెండు కొక్కేలు కొట్టించి ఉంచింది. ఎగిరొచ్చాక రాకెట్టును అక్కడ వేలాడదీయాలని, దాని కింద ఆ పెన్సిలంత పాతదాన్ని పెట్టాలని. ఆమెకు ఎత్తు అక్కర్లేదు. అది చెక్కు చెదరకుండా ఇంటికి రావాలి, అంతే.

వానకోటు గుడ్డతో గొడుగు కుట్టింది. అంచును రెండుసార్లు లోపలికి మడిచి కుట్టడం ఆమె అలవాటు. ఇనుప ముక్క కట్టి డాబా మీంచి వదిలి చూసింది, మళ్లీ మడిచింది, మళ్లీ వదిలింది. తూకం సరిగా ఉందో లేదో చూడటానికి రాకెట్టు నడుముకు తాడు కట్టి సందులో నిలబడి తల చుట్టూ గిరగిరా తిప్పుతుంటే, ఎదురింటి పిన్నిగారు కిటికీలోంచి, "ఏమ్మా, మీ ఆయన ఇంకా లోపలే ఉన్నాడా, పారిపోయాడా?" అని అడిగింది.

ఆ గుంపులో ఒక ఆనవాయితీ ఉంది. గొడుగు మడిచినవాళ్లే మందు అంటించే మీట నొక్కాలి. తన మడత మీద తనకు నమ్మకముందని పదిమంది ముందూ చెప్పడమన్నమాట. మీట పెట్టె దూరంగా, పొడుగాటి తీగ చివర ఉంటుంది. అంచేత మడిచినవాళ్లు ముందే అక్కడికి నడవాలి. రాకెట్టును తీసుకెళ్లి, నేలలో నిలువుగా పాతిన కడ్డీకి తొడిగే పని జతగాడిది. జతగాడు బావగారు.

ఆ ఉదయం పక్క ఊరివాళ్లు కూడా వచ్చారు. వాళ్ల రాకెట్టు చుక్కంత అయ్యేదాకా పైకి పోయి, మెల్లగా దిగింది. అందరూ ఈలలు వేశారు. మా ఆవిడ గొడుగు మడిచి, గొట్టంలో పెట్టి, ముక్కు బిగించి, అన్నయ్య చేతికిచ్చి మీట పెట్టె దగ్గరికి వెళ్లింది. బావగారు రాకెట్టును భుజాన వేసుకుని, మా స్కూటర్ల వెనకనుంచి చుట్టు తిరిగి కడ్డీ దగ్గరికి వెళ్లాడు.

ఆమె నొక్కింది. ఒళ్లు జలదరించే చప్పుడుతో లేచింది. వాళ్లదానికంటే పైకి పోయింది. అందరం నోళ్లు తెరుచుకుని చూస్తున్నాం. పైన ముక్కు ఊడిన చిన్న పొగ కనిపించింది. ఆమె "ఇప్పుడు, ఇప్పుడు" అంటోంది. ఏమీ విచ్చుకోలేదు. రాకెట్టు దొర్లుకుంటూ వచ్చి బీడు అవతల నేలను కొట్టుకుంది.

అందరికంటే ముందు బావగారు పరిగెత్తాడు. మేం చేరేసరికి ముక్కలన్నీ గోనెసంచిలోకి వేసేశాడు. ఆమె చెయ్యి చాపితే సంచి వెనక్కి లాక్కున్నాడు.

"వద్దే బుల్లీ. నువ్వు చూడలేవు."

"గొడుగేది అన్నయ్యా?"

"లోపలే ఇరుక్కుని కాలిపోయింది."

"మడత బిగుసుకుందంటావా?"

ఆయన తల ఊపాడు.

డ్రాయింగ్ మాస్టారు మంచి మనిషి, ఒక్క మాట అనలేదు. కానీ ఆ తర్వాత గుంపులో ఎవరూ ఆమెకు గొడుగు మడవమని ఇవ్వలేదు. ఇంటి దగ్గర మిషను చప్పుడు మాటిమాటికీ ఆగిపోయేది. బాగున్న కుట్టు కూడా విప్పేది. "నా చేతికేదో అయిందండీ" అనేది. నేను పుస్తకంలోకి తల దించుకునేవాణ్ణి. కొక్కేలకు కత్తెరలు తగిలించింది.

వానలు మొదలయ్యాక, కుర్చీ కాలికి బోల్టు కావలసి ఇద్దరం బావగారి షాపుకు వెళ్లాం. కప్పు కారుతోంది. డ్రిల్లింగ్ మిషను మీద తడవకుండా ఒక గుడ్డ కప్పి ఉంది. ఆమె నేరుగా వెళ్లి దాని అంచు పట్టుకుంది. బొటనవేలితో తడిమింది. రెండుసార్లు లోపలికి మడిచిన కుట్టు.

ఎంత చిన్న ఇనుప ముక్కనైనా ఎప్పుడో పనికొస్తుందని దాచే మనిషి ఆయన. అంత మంచి గుడ్డను పారేయలేకపోయాడు.

బావగారు లేత్ ఆపాడు. "బరువు తగ్గుతుందని తీశానే. వాళ్లు మన ముందే ఈలలేస్తుంటే... గొట్టం తేలికేగా, దొర్లుకుంటూ పడుతుంది, మళ్లీ అతుక్కోవచ్చనుకున్నా."

"తీస్తే తీశావు. మీట నా చేత నొక్కించావు."

"ఆనవాయితీ కదా మరి."

"మడత బిగుసుకుందా అని నేనడిగితే తల ఊపావు కదరా!" జీవితంలో మొదటిసారి ఆమె అన్నను 'రా' అనడం విన్నాను.

"చెప్పేస్తానే. వచ్చేసారి అందరి ముందూ నేనే చెప్పేస్తా. నువ్వు ఏడవకు."

ఆమె ఏడవడం లేదు. గుడ్డను అక్కడే, నూనె మరకల బల్ల మీద పరిచి, ఆ రోజు మడిచినట్టే మడిచింది. బల్ల మీది ఇనుప ముక్క ఒకటి కట్టి ఆ షాపు డాబా ఎక్కింది. వానలోకి వదిలింది. కింద నిలబడి నేనూ బావగారూ చూశాం. తడి గుడ్డే అయినా పూర్తిగా విచ్చుకుని, సందులోకి మెల్లగా దిగింది. ఆయన తల దించుకుని లోపలికి వెళ్లి లేత్ వేసుకున్నాడు.

నేను మాస్టారితో చెబుతానన్నాను. "వద్దు. వాడి నోటితోనే రావాలి" అంది.

రెండో రాకెట్టు ఒక్కతే కట్టింది. ముక్కు కూడా సోఫా కాలి చెక్కనే అరగదీసి తానే చేసుకుంది. కడ్డీకి తొడిగే పని మాత్రం నాకిచ్చింది. పుస్తకం చాప మీద వదిలి, దాన్ని రెండు చేతులా పట్టుకుని, ఆమెకు కనపడే దారినే నడిచాను.

ఎగిరింది. మరీ ఎత్తేం పోలేదు. గొడుగు విచ్చుకుంది, బీడు మీదుగా తేలుతూ వచ్చి మా ముందే వాలింది. బావగారు మాస్టారి పక్కనే నిలబడి చూస్తున్నాడు.

మాస్టారు ఎంతో సంతోషంగా ఆమె భుజం తట్టారు. "చూశావామ్మా, ఈసారి మడత కుదిరింది!"

ఆమె అన్నవైపు చూసింది. చెప్పడానికి అంతకంటే మంచి సమయం మళ్లీ రాదు. బావగారు ఒక్క క్షణం నోరు తెరిచాడు. తర్వాత అందరితో పాటు చప్పట్లు కొట్టాడు.

ఇప్పుడా రాకెట్టు కొక్కేల మీద ఉంది. దాని కింద పెన్సిలంత చోటు ఖాళీగానే ఉంది. బావగారు పండో కాయో పట్టుకుని ఇప్పటికీ వస్తుంటాడు. ఆమె కుర్చీ వేస్తుంది, మంచినీళ్లిస్తుంది. ఆ పాత బుల్లి రాకెట్టు ఆయన జేబులోనే ఉండిపోయింది. ఆమె అడగదు, ఆయన ఇవ్వడు.